మందు పెట్టని వరుస

మొన్న మా పక్కింటావిడ ఒక పూలకుండీని చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని మా గుమ్మంలోకి వచ్చింది. అందులో ఒక వంగమొక్క ఉంది. ఎన్ని నీళ్లు పోసినా తల వాల్చుకునే ఉంటోందట, ఆకులు పసుపు తిరుగుతున్నాయట, నేను మొక్కల డాక్టరునని ఆవిడకు ఎవరో చెప్పారట. నేను మొక్కల డాక్టరును కాను. ఉద్యోగం ఉన్నంతకాలం మట్టిలో ఉండే నులిపురుగుల్ని, కంటికి కనబడనంత సన్నటి పురుగుల్ని, భూతద్దం కింద పెట్టి లెక్కపెట్టినదాన్ని. అంత వివరం చెబితే ఇరుగుపొరుగుతో స్నేహం నిలవదు కాబట్టి ఏమీ మాట్లాడకుండా కుండీ బోర్లించి, మట్టి దులిపి, వేళ్లను కుళాయి కింద కడిగాను. వేళ్ల నిండా చిన్నచిన్న ముడులు! నాకు ఆపుకోలేనంత నవ్వు వచ్చింది. రోగిని చూసి నవ్వే డాక్టరును ఆవిడ అంతవరకు చూసి ఉండదు, పాపం చిన్నబుచ్చుకుంది. "మొక్కను చూసి కాదండీ, మా మామ గుర్తొచ్చాడు" అన్నాను. దాంతో ఆవిడ ఇంకా కంగారు పడింది. కూర్చోబెట్టి, టీ ఇచ్చి, ఆ కథ చెప్పక తప్పింది కాదు.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. సోలాపూర్‌లో, భవాని పేట్‌లో, మా ఇంటి వరుసలోనే ఉండేవాడు. తాతల కాలంలో తెలంగాణ నుంచి వచ్చిన నేతపనివాళ్ల ఇళ్లే ఆ వీధి నిండా. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో హిందీ, కొట్లాటలో మూడూ. కుంఠా నాకా దగ్గర మామకు పవర్లూములు ఉండేవి. వాటి మీద చద్దర్లు నేసేవారు. ఆ మోతలో పెరిగిన పుణ్యమా అని మేమందరం ఇప్పటికీ గట్టిగానే మాట్లాడతాం. నాతో ఫోనులో మాట్లాడేవాళ్లు ముందు ఫోను చెవికి కాస్త దూరం జరుపుకుంటారు. మామకు ఒక జబ్బు ఉండేది. ఎక్కడ గుడ్డ కనబడినా దాని అంచు పట్టుకుని వెలుతురుకు పెట్టి చూడాలి. పెళ్లిళ్లకు వెళితే పెళ్లికొడుకును చూడడానికి ముందు షామియానా నేత చూసేవాడు. తన మగ్గం మీద దిగిన చద్దరులో ఒక పట్టీ కాస్త వదులుగా పడిందంటే ఆ పూట అన్నం సయించేది కాదు, పక్కన కూర్చున్నవాళ్లను కూడా తిననిచ్చేవాడు కాదు.

అటువంటి మనిషికి తొంభైలు ఇంకా రాకముందే దానిమ్మ పిచ్చి పట్టింది. అప్పట్లో సోలాపూర్ చుట్టుపక్కల చాలామందికి పట్టింది, ఆయన ఒక్కడినీ అనడానికి లేదు. సగం మగ్గాలు అమ్మేసి ఊరి బయట గరుకు నేల ఒకటి కొన్నాడు. మా వంశంలో తరాలుగా నాగలి పట్టినవాళ్లు లేరు. అయితేనేం, మామ వ్యవసాయాన్ని కూడా నేతలాగే మొదలుపెట్టాడు. ఈ కొస నుంచి ఆ కొసకు నూలు లాగి కట్టి, ఆ నూలు వెంబడి మొక్కలు నాటించాడు. బావి పక్కన మొదటి వరుస మాత్రం మా అత్త తన చేత్తో నాటింది. అత్త బీడీలు చుట్టేది. తోట వచ్చాక ఆకుల చేట, తంబాకు డబ్బా సంచిలో వేసుకుని బస్సెక్కి వెళ్లి, బావి పక్క వరుసలో నీడ చూసుకుని అక్కడే చుట్టేది. ఇంట్లో కంటే అక్కడ బీడీలు సక్కగా కుదురుతాయని చెప్పేది కానీ, అసలు సంగతి ఇంట్లో ఉంటే మామ గొంతు వినాలి, తోటలో అయితే పిట్టల గొంతు వినొచ్చు.

మొదటి కాపులు బాగానే వచ్చాయి. ఆ తర్వాత చెట్లు ఎదగడం మానేశాయి. ఆకులు పసుపు తిరిగాయి, కాయలు నిమ్మకాయల దగ్గరే ఆగిపోయాయి. నేను అప్పటికి వేరే ఊళ్లో వ్యవసాయ కాలేజీలో ఉంటూ నులిపురుగుల మీద పరిశోధన చేస్తున్నాను. మా వీధిలో నులిపురుగులంటే పిల్లల కడుపులో ఉండేవే. నేను సెలవులకు వస్తే అత్తతో బీడీలు చుట్టే ఆడవాళ్లు తమ పిల్లలకు మందు రాసిమ్మని అడిగేవాళ్లు. అలాంటి చదువు ఇంటికి పనికొస్తుందని ఎవరూ అనుకోలేదు, నేను తప్ప. నేను మాత్రం మొదటి నుంచీ గట్టిగానే అనుకున్నాను. మామ నన్ను తోటకు తీసుకెళ్లాడు. ఒక చెట్టు మొదట్లో తవ్వి వేరు బయటకు లాగి బావి నీళ్లలో కడిగి ఆయన అరచేతిలో పెట్టాను. ముడి పక్కన ముడి, ముడి మీద ముడి. మామ ఆ వేరును నూలు చుట్టిన కండెలా వెలుతురుకు పట్టుకుని చూసి మండిపడ్డాడు.

"ఎవడు సుట్టిండు గీ కండె? గిన్ని ముడులేస్తరా ఎవడన్న?"

నవ్వు దాచుకుని విషయం చెప్పాను. ఈ నులిపురుగు వేరులోకి దూరి కదలకుండా కూర్చుని తింటుంది, వేరు దాని చుట్టూ ఉబ్బిపోయి ముడి అవుతుంది, నీళ్లు పైకి ఎక్కవు, చెట్టు దాహంతో చస్తుంది. నర్సరీ నుంచి తెచ్చిన మొక్కల మట్టిలోనే ఇది తోటకు వచ్చి ఉంటుంది. మామ అంతా విని తన మాట తాను చెప్పాడు. "సూడు బిడ్డా, సగం మగ్గాలు దీంట్ల పెట్టిన. బతుకుతదా సస్తదా, గదొక్కటి చెప్పు. బతకదంటే ఇప్పుడే అమ్మి మళ్ల మగ్గాలు తెచ్చుకుంట. మీ అత్తకు మాత్రం చెప్పకు." అత్త అప్పుడు బావి గట్టు మీదే ఉంది. మామ గొంతు సంగతి చెప్పాను కదా, ఆమెకు అక్షరం పొల్లుపోకుండా వినబడింది.

బతుకుతుందని నేను నమ్మాను. బజారులో గుళికల మందు దొరికేది కానీ అది మట్టిలో మంచీ చెడూ చూడకుండా అన్నింటినీ చంపేది. మట్టిలో నులిపురుగులన్నీ దొంగలు కావు. చాలా రకాలు వేళ్ల జోలికే పోవు. కుళ్లిన ఆకుల మీద పెరిగే సూక్ష్మజీవుల్ని తిని, మట్టిని మట్టిలా ఉంచుతాయి. దొంగ ఒక్కడి కోసం ఊరంతా తగలబెట్టడం నాకు అప్పుడూ ఇష్టం లేదు, ఇప్పుడూ లేదు. నా ఆలోచన వేరు. చెట్ల మొదట్లో వేపపిండి వేయాలి, వరుసల మధ్య బంతి నాటాలి. బంతి వేళ్లంటే ఈ ముడి పురుగుకు గిట్టదు. మా గైడు సారు మరాఠీ ఆయన, మంచి మనిషే కానీ దేన్నీ ఊరికే నమ్మరు. సరే చేసి చూడు, కానీ ఒక వరుసకు ఏమీ పెట్టకుండా వదిలెయ్, అది లేకపోతే నీ మాటకు విలువ లేదు అన్నారు. తోట చివరి వరుసను అలా వదిలేశాను. ఒకే వరుసతో ఏం తేలుతుందని ఇప్పటి పిల్లలు పెదవి విరవొచ్చు. మాకున్న తోట అంత.

ఆ ఏడాది అత్త ఇల్లే నా ప్రయోగశాల. మేడ మీద గదిలో కిటికీ పక్కన గరాటాలు వేలాడదీసి, వాటిలో నీళ్లు పోసి, పైన జల్లెడలో పల్చటి గుడ్డ పరిచి తోట మట్టి పెట్టేదాన్ని. పురుగులు ఆ గుడ్డలోంచి కిందికి ఈదుకుంటూ వచ్చి గరాటా అడుగున చేరేవి. అక్కడికి ఆ గుడ్డ కూడా మామే ఇచ్చాడు, నేత బాగోలేదని పక్కన పడేసిన తానులోంచి. అయితే వీధిలో మగ్గాలు ఆడుతున్నంతసేపూ బల్ల సన్నగా వణుకుతూనే ఉండేది. భూతద్దంలో పురుగులు మామూలుగానే మెలికలు తిరుగుతాయి, వాటికి మగ్గాల తాళం కూడా తోడైతే లెక్కపెట్టేవాళ్ల తల తిరుగుతుంది. అందుకని కరెంటు ఆపేసే సెలవు రోజున, వీధి ఒక్కసారిగా చెవుడు వచ్చినట్టు నిశ్శబ్దమైనప్పుడు, నేను లెక్కకు కూర్చునేదాన్ని. బీడీలు చుట్టే ఆడవాళ్లు వరసగా వచ్చి ఒక కన్ను మూసి అందులోకి చూసి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దిగి వెళ్లేవాళ్లు.

వానలు బాగా పడ్డాయి. చెట్లు పచ్చబడ్డాయి. బంతి విరగబూసింది, బతుకమ్మ రోజుల్లో మా వీధి ఆడవాళ్లంతా వేళ్లను కదపబోమని నాకు మాటిచ్చి పూలు మాత్రం కోసుకున్నారు. కాపు ముందు గైడు సారును తోటకు తీసుకొచ్చాను. ఆయన వరుస వరుస చూసుకుంటూ, ఆకులు తిప్పుకుంటూ చివరి వరుస దగ్గరకు వచ్చి ఆగిపోయారు. ఏమీ పెట్టని ఆ వరుస తోట మొత్తంలోకీ నిగనిగలాడుతోంది. పెట్టిన వరుసలు దాని ముందు చిన్నబోయాయి. "కాహీ ఫరక్ నాహీ" అన్నారు సారు, పిండి వల్ల తేడా ఏమీ లేదని. నా ముఖం చూసి జాలిపడి, అంతా వాన మహిమ అయ్యుంటుందిలే అని సర్దారు. పక్కనే ఉన్న మామకు మాత్రం ఆ మాట వేదవాక్కు అయింది. తేడా లేనప్పుడు వేపపిండి ఎందుకు, వానలు రాని ఏడాది ఇక దిక్కేది, తోట ఇప్పుడే పచ్చగా ఉంది కాబట్టి ఇప్పుడే అమ్మేస్తే సరి అని లెక్కలు వేసుకుంటున్నాడని ఆయన కళ్లే చెబుతున్నాయి.

సారును బస్సెక్కించి వచ్చి నేను చివరి వరుసలో కూర్చుని మట్టి తవ్వాను. గుప్పెడు మట్టి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. వేపపిండి వాసన! ఆ ఘాటు తెలియనిదెవరికి? ఆ చెట్టుకే కాదు, వరుస మొత్తానికీ ఉంది. బావి గట్టు మీద అన్నం మూటలు విప్పుతున్న మొగుడూ పెళ్లాల ముందుకు వెళ్లి మట్టి చెయ్యి చాచాను. "దీనికి పిండి ఎవరు పెట్టిండ్రు?" అన్నాను. మామ అత్త వైపు చూశాడు. అత్త మామ వైపు చూసింది. ఇద్దరూ ఒకరి మీద ఒకరికి ఎప్పుడూ లేనంత అనుమానంతో చూసుకున్నారు. ఇద్దరూ పెట్టారు! ఒకరికి తెలియకుండా ఒకరు! అత్తేమో మిగతా చెట్ల వాటాలోంచి తలా ఇంత తీసి దీనికి వేసింది. మామేమో విడిగా పిండి కొని తెచ్చి, అత్త రాని రోజు చూసుకుని వేశాడు. పెట్టొద్దన్న వరుసకు రెండింతలు పడింది, పెట్టమన్న వాటికి తక్కువ పడింది.

నాకు కోపం వస్తే నేనూ భవాని పేట్ దాన్నే. బావిలో పావురాలన్నీ ఎగిరిపోయేలా అరిచాను. అత్త ఏమీ తొణకలేదు. "ఏంది పిల్లా గట్ల ఒర్లుతవ్? పంక్తిల కూసోబెట్టి ఒక్క ఆకుల వడ్డించకుంట పోతమా? దాని ముంగట అన్నిటికి పెట్టి దానికి పెట్టకుంటే నాకు ముద్ద దిగుతదా?" అంది. మామ తల వంచుకునే ఉన్నాడు కానీ ఓడిపోయిన గొంతు కాదు ఆయనది. "తానుల ఒక్క పట్టీ కమ్జోర్ ఉంటే తానంత ఖరాబ్. నేను నేసెటోన్ని బిడ్డా. కండ్ల ముంగట కమ్జోర్ పట్టీ పెట్టుకొని బతుకంత ఊకున్ననా, ఇప్పుడు ఊకుంటందుకు?" వాళ్ల జన్మలో నేర్చుకున్నదంతా లోపాన్ని కనబడిన చోటే సరిచేయడం. నేను అడుగుతున్నదేమో లోపాన్ని కాపాడమని.

చల్లబడ్డాక మామే అడిగాడు. "ఇంతకు చెట్లను బతికిచ్చింది వానా, పిండా?" నాకు తెలియదన్నాను. తెలియాలంటే మళ్లీ ఏడాది చేయాలి, ఈసారి నిజంగా ఒక వరుసను వదిలేయాలి. "బీమారుండి సస్తుంటే మందు చేతుల పట్టుకొని సూసుకుంట కూసోవాల్నా?" అన్నాడు. అప్పుడు నాకు రంగుల పని గుర్తొచ్చింది. కొత్త రంగు వచ్చినప్పుడు మామ ఆ రంగు నూలు చుట్ట ఒకదాన్ని, లడి అంటాం, ఒక తెల్ల నూలు లడితో కలిపి కట్టి వేడినీళ్లలో ముంచేవాడు. తెల్లది తెల్లగా మిగిలితే రంగు పక్కా, మరకపడితే కచ్చా. "మామా, ఆ తెల్ల లడి మీద జాలిపడి నువ్వే దానికి ముందుగాల రంగేస్తే, నీ రంగు పక్కానో కచ్చానో ఎట్ల తెలుస్తది?" అన్నాను. మామ ముఖం బావి వైపు తిప్పుకున్నాడు. "తెల్వది" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, ఇంకొక్క ఏడాది చూస్తాను, అప్పటికీ తేలకపోతే తోట అమ్మేస్తాను అన్నాడు. ఈసారి అత్తకు వినబడకుండా చెప్పే ప్రయత్నం కూడా చేయలేదు.

వదిలే వరుస ఏదో మనం ఎంచుకోకూడదు, చీటీ తీయాలన్నాను. కండెల బుట్టలో చీటీలు వేశాం. అత్త తీసింది. బావి పక్క వరుస. ఆమె నాటిన వరుస, ఆమె కూర్చుని బీడీలు చుట్టే నీడ. అత్త ఆ చీటీని గుప్పిట్లోనే ఉంచుకుని, చెయ్యి తడబడింది మళ్లీ తీస్తానంది. నాకూ మనసు కరిగింది, సరే అనబోయాను. మామ ఒప్పుకోలేదు. "మగ్గమెక్కినంక నూలు మారుస్తరా?" అని లేచి, ఆ వరుసలో ప్రతి చెట్టుకూ తన చేత్తో తెల్ల నూలు కట్టాడు. వేపపిండి బస్తాలు తోటలో ఉంటే ఎవరి చెయ్యి ఊరుకోదని వాటిని కుంఠా నాకాలో మగ్గాల షెడ్డులో పెట్టి తాళం వేసి, తాళంచెవి మా అమ్మకు ఇచ్చాడు. తనను తానే నమ్మలేదన్నమాట.

ఆ ఏడాది వానలు మొహం చాటేశాయి. బావి అడుగంటింది. ఉన్న నీటినే అన్ని వరుసలకూ సమానంగా పంచాం. ఒకరోజు నేను వెళ్లేసరికి అత్త తెల్ల నూలు వరుసలో చెట్టు మొదలు పట్టుకుని ఏదో చెబుతోంది. నన్ను చూసి, "మందు పెట్టొద్దన్నవ్ గని మాట్లాడొద్దనలే గద" అంది. నేను శాస్త్రజ్ఞురాలిని కదా, గంభీరంగా ఆలోచించి, అయితే అన్ని వరుసలతోనూ సమానంగా మాట్లాడమన్నాను. మాట తప్పే మనిషి కాదు. ఆ తర్వాత నుంచీ బీడీల చేట చంకన పెట్టుకుని ఒక్కో రోజు ఒక్కో వరుసలో కూర్చుని కబుర్లు చెప్పేది. తన వరుస వంతు వచ్చిన రోజున మాత్రం చివరి బస్సుకే ఇంటికి వచ్చేది. మామ ఆ వరుస దాకా నడిచి, ఆగి, చేతులు వెనక్కి కట్టుకుని తిరిగి వచ్చేవాడు. ఆకులు పండి రాలుతున్నాయి. చివరి చెట్లు రెమ్మల కొసల నుంచి ఎండుతున్నాయి. పక్కనే ఉన్న వరుసలు ఆ కరువులో కూడా నిలబడ్డాయి, కాయ పట్టాయి. భూతద్దం కింద కూడా అదే కథ. పిండి వేసిన మట్టిలో ముడి పురుగులు బాగా తగ్గాయి. వేళ్ల జోలికి పోని మంచి పురుగులు గుంపులు గుంపులుగా ఈదుతున్నాయి. నా జీవితంలో అంత సంతోషం, అంత సిగ్గు కలిసి వచ్చిన లెక్క మరొకటి లేదు. ఎండుతున్న ప్రతి కొమ్మా నా మాటను నిజం చేస్తోంది మరి.

మగ్గాలు ఆగే సెలవు రోజునే గైడు సారు మళ్లీ వచ్చారు. ఈసారి తవ్వే అవసరమే లేకపోయింది, గేటు దగ్గర నుంచే కనబడుతోంది. అయినా ఆయన తెల్ల నూలు వరుసలోంచీ దాని పక్క వరుసలోంచీ వేళ్లు తీయించి, కడిగించి, పక్కపక్కన గుడ్డ మీద పెట్టించారు. ఒకటి పూసలు గుచ్చినట్టు ముడులమయం. రెండోదాంట్లోనూ అక్కడక్కడా ముడులున్నాయి, కానీ మధ్యన కొత్త తెల్లవేళ్లు దిగాయి. సారు నా వైపు తల ఊపారు. దానికోసం రెండేళ్లు ఎదురుచూసిన నేను ఆ క్షణంలో ఆయన్ను చూడనే లేదు, అత్తను చూస్తున్నాను. ఆమె తన వరుసలో నిలబడి ఏడుస్తోంది. పిండి వేయకుండా ఆపినందుకు నన్ను ఎప్పటికీ క్షమించదేమో అనిపించింది. మామ ఆ ముడుల వేరును తీసుకుని ఆమె దగ్గరకు వెళ్లాడు. వీధి మోత లేని చోట, గొంతు తగ్గించి మాట్లాడడం ఆయనకు వచ్చని నాకు ఆ రోజే తెలిసింది.

"తోట అమ్మను. నీ వరుసనే తోటను బతికిచ్చింది" అన్నాడు.

అత్త కొంగుతో ముఖం తుడుచుకుంది. "మరి గది బతకలే గద" అంది. మామ ఆమె పక్కనే నేల మీద కూర్చున్నాడు. నేను ఇన్నేళ్లు చదివాను, పాఠాలు చెప్పాను, ఆ మాట ఇప్పటికీ నా వెంటే ఉంది.

తోట అమ్మలేదు. ఏటా వేపపిండి, వరుసల మధ్య బంతి. చుట్టుపక్కల దానిమ్మ వేసినవాళ్లు చాలామంది వచ్చి చూసి వెళ్లారు. మామ వాళ్లకు మంచి చెట్లను కాక బావి పక్కన ఖాళీగా ఉన్న చోటును ముందు చూపించి, అక్కడ ఏం జరిగిందో చెప్పేవాడు. మేం సోలాపూర్ ఎండల్లో ఆ పండ్లు ఒలుచుకుని తింటూ ఏళ్లు గడిపాం. అత్త ఆ ఏళ్లలోనే పోయింది. చెట్లు కూడా ముసలివై కాపు తగ్గడంతో, మామ ముసలితనంలో ఒక రోజు వాటిని తీయించేశాడు. నేనూ వెళ్లాను. పెకలించిన చెట్లన్నీ ఒకే కుప్పగా పడి ఉన్నాయి. మామ ఆ కుప్ప పక్కన కూర్చుని, "మందు పెట్టనియి పోయినయ్. పెట్టినయి గుడ పోయినయ్" అన్నాడు. మళ్లీ తనే, "నడుమల శానేండ్లు వచ్చినయి గద బిడ్డా. మీ అత్త తిన్నది, నేను తిన్న, నువ్వు తిన్నవ్" అన్నాడు. ఎన్ని మందులు పెట్టినా కాలం చివరికి దేన్నీ వదలదు. కానీ దాని చేతిలోంచి ఆ నడుమ ఏళ్లను మేం లాక్కున్నాం, వాటిని వెనక్కి తీసుకోవడం ఇక దాని తరం కాదు.